తోడికోడలి పాలు

కామాక్షమ్మ కానుపై అత్తవారింటికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంటి అరుగు మీద చెవి పట్టుకుని కూర్చునేవాళ్ళకు కొదవ లేకుండా పోయింది. చెవిపోటు వస్తే బాలింత పాలు నాలుగు చుక్కలు చెవిలో పోయించుకోవడం ముత్తుకూరు చుట్టుపక్కల పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కాకపోతే బాలింతలందరూ అందుకు ఒప్పుకోరు. కామాక్షమ్మ ఎవరొచ్చినా లేదనేది కాదు. గోడవైపు తిరిగి చిన్న కొబ్బరిచిప్పలో పిండి ఇచ్చేది. వచ్చింది ఆడపిల్లలయితే తల ఒళ్ళో పెట్టుకుని నేరుగా చెవిలోకే పిండేది. తొలిచూలు పాలు, అందులోనూ మగబిడ్డను కన్న పాలు, పట్టిందల్లా నయమవుతుందని అత్తగారు చెంచమ్మ కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

పెద్దకోడలు మాలకొండమ్మకు ఇదంతా కళ్ళలో కారం కొట్టినట్టుండేది.

పిల్లలు లేని ఆడది పిల్లతల్లిని చూసి కుళ్ళుకుంటుందని ఊరు సులువుగా అనుకుంటుంది. అనుకున్నది అబద్ధం కాదు. మాలకొండమ్మ కుళ్ళుకుంది, బాగానే కుళ్ళుకుంది. కానీ ఊరు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. కామాక్షమ్మకు కానుపు కాకముందు ఆ అరుగు మీద చెవుల వైద్యం మాలకొండమ్మది. నువ్వులనూనెలో వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, చిటికెడు వాము చల్లి, నురగ తగ్గేదాకా కాచి, గోరువెచ్చగా అయ్యాక దూదితో చెవిలో పిండేది. నోరు పూసినవాళ్ళు వస్తే పటికనీళ్ళు పుక్కిలించమనేది, తుమ్మచెక్క కషాయం కాచి ఇచ్చేది. సీమంతాలకూ బారసాలలకూ ఆమెను వెనక వరసలో కూర్చోబెట్టే ఆడవాళ్ళే పంటినొప్పి వచ్చినా చెవి కారినా ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ఊళ్ళో తనకంటూ ఆమెకున్న పీట అదొక్కటే. చిన్నకోడలు బిడ్డతో వచ్చి, పనిగట్టుకుని కాకపోయినా, ఆ పీట లాగేసింది.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. నాట్ల రోజుల్లో వానలో తడిసి మాలకొండమ్మకు పడిశం పట్టింది. పడిశం తగ్గింది గాని ఎడమ చెవి కారడం మొదలైంది. తన నూనె తానే పోసుకుంది. ఎంత పోసుకుంటే అంత కారింది. వాసన బయటికి రాకుండా దూది కుక్కి, దాని మీదికి జుట్టు లాక్కుని, కొంగు కప్పుకుని తిరిగింది. మొగుడు జయరామయ్యకు కూడా చెప్పలేదు. చెప్తే ఆ మంచి మనిషి ఏమంటాడో ఆమెకు తెలుసు. కామాక్షిని అడిగి నాలుగు చుక్కలు పోయించుకోరాదా అంటాడు. చెవి కుళ్ళి రాలిపోయినా సరే, తోడికోడలి పాలకు చెయ్యి చాపకూడదని ఆమె పంతం పట్టింది.

బిడ్డ పాలు తాగే వేళకు మాలకొండమ్మకు ఎక్కడ లేని పనులూ గుర్తొచ్చేవి. గొడ్రాలు చూస్తూండగా బిడ్డకు పాలివ్వకూడదని ఎవరూ ఆమె మొహాన అనలేదు. అనక్కరలేదు. ఆమె గదిలోకి రాగానే కామాక్షమ్మ పైట బిడ్డ తల మీదికి లాక్కునేది. మాలకొండమ్మ తల తిప్పుకుని చేట తీసుకునో, చెంబు తీసుకునో బయటికి పోయేది.

ఒక మధ్యాహ్నం ముత్యాలయ్య వచ్చాడు. వరసకు మామ. వెనకటికి ఏటా చలికాలంలో మాలకొండమ్మ నూనెతో చెవిపోటు తగ్గించుకుని, నీ చెయ్యి చల్లనిదమ్మా అని పొగిడిపోయిన మనిషి.

"చిన్నకోడలు నిద్రపోతా ఉండాదా?" అన్నాడు అరుగు మీద కూర్చుంటూ.

"చెవికేనా మామా? కూర్చో, చిటికెలో నూనె కాచి తెస్తా."

"నూనె ఎందుకులేమ్మా. ఇంట్లో పాలుండాయి గదా ఇప్పుడు."

మాలకొండమ్మ లోపలికి పోయి కామాక్షమ్మను లేపింది. కొబ్బరిచిప్ప కడిగి తెచ్చింది కూడా ఆమే. కామాక్షమ్మ గోడవైపు తిరిగి పాలు పిండుతూంటే వెనక నిలబడి, ఈ పాలు ఎండిపోను, అనుకుంది. పెదవి కదపలేదు. మనసులోనే అనుకుంది, కానీ నిండుగా అనుకుంది.

ఆ వారం తిరక్కముందే బిడ్డ రొమ్ము పట్టడం మానేశాడు. పట్టబోయేవాడు, కెవ్వున ఏడ్చి వదిలేసేవాడు. నోరు తెరిచి చూస్తే నాలుక మీదా బుగ్గల లోపలా తెల్లటి పొర. పాలు పేరుకున్నాయనుకుని చెంచమ్మ తడిగుడ్డ వేలికి చుట్టి తోమింది. పొర ఊడలేదు, నెత్తురు వచ్చింది. పాలపొరకు నెత్తురెందుకు వస్తుంది, ఇది కంటి దెబ్బే అని తేల్చేసింది. తేనె నాకించింది, వసకొమ్ము అరగదీసి నాకించింది, మిరపకాయలూ ఉప్పూ తిప్పి పొయ్యిలో వేసింది. బిడ్డ ఏడుపు ఇల్లంతా వినపడుతూనే ఉంది. మాలకొండమ్మకు ఒక చెవితో వినపడినా సరిపోయింది.

మర్నాడు కాలువ దగ్గర మాలకొండమ్మ తన పసుపుపచ్చ చీర జాడిస్తూంటే కొంగు చివర పోగులు వేలాడుతూ కనిపించాయి. చినిగింది కాదు. బెత్తెడు పేలిక ఎవరో కత్తిపీటతో కోసుకున్నారు. ఆమెకున్న కాస్త మంచి చీరల్లో అదొకటి. ఇంటికొచ్చి, ఎవరూ లేనప్పుడు పొయ్యిలో బూడిద కదిపింది. మాడిన మిరపకాయల మధ్య పసుపుపచ్చ గుడ్డ ముక్క, అంచు కాలీ కాలకుండా దొరికింది. దిష్టి తీసేటప్పుడు ఎవరి కన్ను తగిలిందో వాళ్ళ గుడ్డ పేలిక మంటలో వెయ్యాలి. అది ఆమెకూ తెలిసిన పద్ధతే. ఆమె కూడా ఎవరెవరి గుడ్డలో అడిగి తెచ్చి ఇచ్చిన రోజులున్నాయి.

ఇంకొకతె అయితే ఆ ముక్క తెచ్చి అత్త మొహాన కొట్టి వీధిలోకెక్కి ఉండేది. మాలకొండమ్మ దాన్ని మళ్ళీ బూడిదలోకే తోసేసింది. అడగడానికి ఆమెకు మొహం లేదు. అనుకున్నది నిజం, చిప్ప కడిగి ఇస్తూ అనుకున్నది ఇంకా నిజం. తన అసూయ పోయి ఆ పసివాడి నాలుక మీద తెల్లగా కూర్చుందని ఆమె అందరికంటే గట్టిగా నమ్మింది.

ఆ సాయంత్రం చెంచమ్మ పక్కన వచ్చి కూర్చుంది. గొంతు చాలా మెత్తగా ఉంది. చెంచమ్మ అరిచినప్పుడు భయపడాల్సిన పని లేదు. మెత్తగా మాట్లాడినప్పుడే భయపడాలి.

"మాలకొండా, కొన్నాళ్ళు చిల్లకూరు పోయి మీ అమ్మోళ్ళింట్లో ఉండు. బిడ్డ నోరు బాగయినాక నేనే కబురు చేస్తా."

"బాగుపడకపోతే?"

చెంచమ్మ మెత్తగానే లేచి వెళ్ళిపోయింది. బిడ్డకేమయినా అయితే ఆ కబురు ఈ జన్మలో రాదు. బిడ్డ బాగుపడినా, పెద్దకోడలు ఇల్లు దాటాకనే బాగయిందని అంటారు, అప్పుడూ రాదు. ఎటు చూసినా గడప ఇవతలికి తోవ లేదు.

తెల్లవారి జయరామయ్య మూట భుజాన వేసుకుని ముందు నడిచాడు. ముత్తుకూరులో నెల్లూరు బస్సు ఎక్కించి, అక్కడ గూడూరు బస్సు మారాలని చెప్పి, తాను వెనక్కి రావాలి. తోవ పొడుగునా ఆయన చేను గురించి మాట్లాడాడు, గట్టు గురించి మాట్లాడాడు, పంచాయతీ సమితి వాళ్ళు ఇస్తామన్న కొత్త విత్తనాల గురించి మాట్లాడాడు. పెళ్ళాం గురించి తప్ప అన్నీ మాట్లాడాడు. బస్సు ఆగే చోటికి ఇంకా కాస్త దూరం ఉందనగా మాలకొండమ్మ ఆగిపోయింది.

"చెవి నొప్పిగా ఉండాది. నర్సమ్మకు చూపించుకుని పోతా."

"చెవికేమయింది?" అన్నాడు ఆయన నిజంగానే తెలియక.

రెబెక్కమ్మ నెల్లూరులో మిషను ఆసుపత్రిలో చాలా ఏళ్ళు నర్సు పని చేసి, సొంత ఊరికి వచ్చి ఇంటి ముందు గదిలో మందులిస్తూండేది. తెల్లచీర, లావుపాటి కళ్ళద్దాలు, మాటలో మొహమాటం లేని మనిషి. మాలకొండమ్మను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, జుట్టు తొలగించి, చెవిలోంచి దూది లాగింది. లాగి మొహం పక్కకు తిప్పుకుంది.

"ఇదేందమ్మా, ఇంత ముదరబెట్టినావు?"

"నా చెవి సంగతి అట్టుంచు నర్సమ్మా. ముందొకటి చెప్పు. ఒకరి ఏడుపు తగిలి ఇంకొకరికి జబ్బొస్తే, దానికి మందుండాదా?"

రెబెక్కమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. ఎవరి ఏడుపు, ఎవరికి జబ్బు అని అడిగింది. మాలకొండమ్మ చెప్పింది. పాలూ చిప్పా ముత్యాలయ్యా కొంగు పేలికా, ఒకటీ దాచలేదు. ఒక్కటి, తాను మనసులో అనుకున్న మాట, నోటిదాకా వచ్చింది. అది మాత్రం మింగేసింది. గది బయట మూట పట్టుకుని నిలబడిన జయరామయ్య అంతా విన్నాడు. వినపడకపోవడానికి ఆయన చెవులకేమీ జబ్బు లేదు మరి.

"బిడ్డ నోట్లో తెలుపు పెరుగు తరకల్లాగుండాదా?" అంది రెబెక్కమ్మ.

"ఉండాది."

"తుడిస్తే పోకుండా నెత్తురొస్తా ఉండాదా?"

"మా అత్త తుడిస్తే వచ్చింది."

రెబెక్కమ్మ లేచి సంచిలో ఒక చిన్న సీసా, దూది, టార్చిలైటు వేసుకుంది. "పదండి. బస్సు రేపు కూడా వస్తాది," అంది.

పెద్దకోడలు మళ్ళీ వాకిట్లో కనపడేసరికి చెంచమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మాట్లాడింది జయరామయ్య. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తల్లికి ఎదురు చెప్పడం ఆయనకదే మొదలు.

"నర్సమ్మను నేనే పిలుచుకొచ్చినానమ్మా. బిడ్డను చూడనీ."

"చూస్తే చూడనీ, అరుగు మీదే చూడమను," అంది చెంచమ్మ.

"నాకు కూడా వెలుతురు అరుగు మీదే బాగుంటాది," అంది రెబెక్కమ్మ, అలాంటి గుమ్మాలు ఎన్నో చూసిన మనిషిలా కూర్చుంటూ. అప్పటికే కామాక్షమ్మ బిడ్డను ఎత్తుకుని పరుగున వచ్చి ఆమె ఒళ్ళో పెట్టేసింది. అరుగా నట్టిల్లా అని చూసుకునే స్థితిలో ఆ పిల్ల లేదు.

రెబెక్కమ్మ టార్చిలైటు వేసి చూసింది. చూసి నవ్వింది.

"నోటిపూత. పసిపిలకాయలకు వచ్చేదే. పాలపొర అయితే తుడిస్తే పోతాది, ఇది పోదు, గీరితే పుండు పడతాది. బిడ్డ నోట్లో ఏమేం పెడతా ఉండారు?"

చెంచమ్మ చెప్పింది. తేనె, వసకొమ్ము, ఉగ్గుగిన్నె, వేలికి చుట్టిన గుడ్డ. చెప్పుకుంటూ పోయేకొద్దీ ఆమె గొంతు తగ్గుతూ వచ్చింది. బిడ్డను ఎవరెవరు ఎత్తుకుంటారని రెబెక్కమ్మ అడిగితే ఆమే చెప్పాల్సి వచ్చింది. పెద్దకోడలి చేతికి ఇవ్వలేదని, ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా ఇవ్వలేదని.

రెబెక్కమ్మ కామాక్షమ్మ వైపు తిరిగింది. "నీకు రొమ్ము నొప్పిగా లేదా?"

కామాక్షమ్మ తల వంచుకుంది. "పగిలినాయి నర్సమ్మా. బిడ్డ పట్టినప్పుడల్లా ప్రాణం పోతాది. చెప్తే పాలివ్వడానికి ఏడుస్తా ఉండాదంటారని చెప్పలా."

మాలకొండమ్మ ఆ మాట విని ఆ పిల్ల మొహంలోకి చూసింది. కళ్ళ కింద నల్లటి చారలు. ఇన్నాళ్ళూ ఆ మొహాన్ని చూస్తూనే కుళ్ళుకుంది గాని, ఆ చారలు ఆమెకు కనపడలేదు. ఆ పిల్ల పళ్ళు కరుచుకుని, గోడవైపు తిరిగి ఊరందరి చెవులకూ పాలు పిండింది.

"బిడ్డ నోటిది నీకూ, నీది బిడ్డకూ అంటతా ఉండాది. ఇద్దరికీ మందు వేస్తేనే పోతాది. అదొకటి. ఇంకొకటి, ఈ చెవుల్లో పాలు పిండే పని ఇవాళ్టితో ఆపెయ్యి. పాలు చెవికి మందు కాదు, లోపల విరిగి ఇంకా చీము పడతాది. వచ్చినోళ్ళందరికీ చెప్పండి."

ఉన్నమాట చెప్పాలంటే ఆ మాటకు మాలకొండమ్మ కడుపు చల్లబడింది. పాలు చెవికి పనికిరావట. ముత్యాలయ్య మామ ఎప్పుడు కనపడతాడా అనిపించింది. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు.

"నూనె కూడా పోయకూడదు," అంది రెబెక్కమ్మ మాలకొండమ్మ వైపు తిరిగి. "కారే చెవిలో వెల్లుల్లి నూనె పోసి పోసి ఈమె చెవి చూడండి ఏం చేసుకుందో." అంటూ అందరి ముందూ జుట్టు తొలగించి చూపించింది. అలా ఇద్దరు తోడికోడళ్ళ వైద్యాలూ ఒక్క పూటలోనే మూతపడ్డాయి.

కామాక్షమ్మ బిడ్డ సంగతి మరిచి ఆ చెవి వైపు చూసింది. "ఇంత బాధ పడతా ఉండి, నన్నొక మాట అడిగుంటే పోసేదాన్ని గదక్కా."

"పోస్తావనే అడగలా," అంది మాలకొండమ్మ.

రెబెక్కమ్మ సీసా మూత తీసి, నీలిమందులో దూది ముంచి, బిడ్డ నోట్లో పూసింది. పెదవులూ గడ్డమూ నేరేడుపళ్ళు తిన్నట్టు అయ్యాయి. పూటపూటా పూయాలని, కామాక్షమ్మ కూడా రొమ్ములకు పూసుకోవాలని, పూసే చేతులు సబ్బుతో కడుక్కోవాలని, ఉగ్గుగిన్నె మరిగే నీళ్ళలో వెయ్యాలని, తేనె మానెయ్యాలని చెప్పింది. సీసా ఎవరికిద్దామా అని చుట్టూ చూసి మాలకొండమ్మ చేతిలో పెట్టింది.

"దూది చుట్టే పని నీకు అలవాటే గదా. నువ్వే పూయి."

అందరూ చెంచమ్మ వైపు చూశారు. ఆమె కాసేపు బిడ్డ వైపూ, కాసేపు పెద్దకోడలి కొంగు వైపూ చూసి, "పూయనీ," అంది.

మాలకొండమ్మ చెవికి రెబెక్కమ్మ చెప్పిన మందు ఇంకా చప్పగా ఉంది. శుభ్రమైన దూది ఒత్తిలా నలిపి, చెవిలో పెట్టి తడి పీల్చగానే తీసి, మళ్ళీ కొత్తది పెట్టాలి, పొడి అయ్యేదాకా. లోపల ఏమీ పోయకూడదు. వారానికొకసారి తన దగ్గరికి రావాలి, తగ్గకపోతే నెల్లూరు పోయి డాక్టరుకు చూపించుకోవాలి. ఇదీ ఒక వైద్యమేనా అనుకుంది మాలకొండమ్మ.

రెబెక్కమ్మను సాగనంపడానికి వీధి మలుపు దాకా ఆమె వెంట పోయింది. పొద్దున మింగేసిన మాట గొంతులో అలాగే ఉంది. ఎవరూ లేరని చూసుకుని కక్కేసింది.

"నర్సమ్మా, నేనొకటి చెప్పలా. దాని పాలు ఎండిపోవాలనుకున్నా. వెనక నిలబడి అనుకున్నా."

రెబెక్కమ్మ నడక ఆపలేదు. "అనుకుంటే ఎండిపోయేట్టుంటే ఈ చుట్టుపక్కల ఒక్క తల్లికీ పాలుండవు. నేనూ అనుకున్నాను, మా తోడికోడలి విషయంలో. దానికి ఆరుగురు పిలకాయలు, దుక్కల్లాగుండారు."

మాలకొండమ్మ మలుపు దగ్గర నిలబడిపోయింది. గుండెల మీది బరువు దిగిపోయింది. దిగిపోయినందుకు హాయిగానే ఉంది. కానీ ఎక్కడో చిన్న వెలితి కూడా అనిపించింది. తన అసూయ పసివాడి ప్రాణం తీసేంతటిదని కదా ఇన్నాళ్ళూ వణికింది. తీరా చూస్తే దానికి దోసెడు పాలు విరగ్గొట్టే బలం కూడా లేదు. అది వట్టి బాధ, ఎవరికీ తగలదు, తనను తప్ప ఎవరినీ కాల్చదు.

చిల్లకూరు ప్రయాణం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మూట దానంతటదే విడిపోయి చీరలు దండెం మీదికి చేరాయి. కొంగు చివర సూదీదారంతో కుట్టుకుంటూ మాలకొండమ్మ అత్తతో ఒక్క మాట మాత్రం అంది.

"ఇంకోసారి కావాలంటే అడుగత్తా, పాత చీర ఇస్తా. ఇది మంచి చీర."

చెంచమ్మ వినపడనట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకుంది.

మాలకొండమ్మ పూటపూటా చేతులు కడుక్కుని, దూది చుట్టి, నీలిమందు పూసింది. మొదట్లో బిడ్డ ఆమెను చూడగానే మొహం చిట్లించేవాడు. తర్వాత్తర్వాత ఆమె వేలు పట్టుకుని వదలడం మానేశాడు. నాలుక మీది తెలుపు అంచుల నుంచి తగ్గుతూ వచ్చింది, ఆమె చెవిలో పెట్టిన దూది కూడా పొడిగా రావడం మొదలైంది. ఒకనాటి పొద్దుటికి నోరు ఎర్రగా, శుభ్రంగా ఉంది.

ఆ పొద్దున ఆమె ఒళ్ళో ఆడుకుంటున్నవాడు లోపల తల్లి గొంతు వినపడగానే మెడ అటు తిప్పాడు. పెదవులు చప్పరిస్తూ గునిశాడు. అంతే, మాలకొండమ్మకు మళ్ళీ భగ్గుమంది. పూటపూటా మందు పూసింది తాను, వాడికి కావలసింది తల్లి. లేచి లోపలికి పోయి బిడ్డను కామాక్షమ్మ చేతుల్లో పెట్టింది.

కామాక్షమ్మ కూర్చుని పాలకు పట్టింది. అలవాటుగా పైట బిడ్డ తల మీదికి లాగబోయి, ఒక్క క్షణం ఆగి, వదిలేసింది. బిడ్డ ఆబగా పట్టాడు. గుటకలు పడుతున్న చప్పుడు మాలకొండమ్మకు రెండు చెవులతోనూ వినిపించింది.

చేట గుర్తు రాలేదు, చెంబు గుర్తు రాలేదు. ఆమె గడప మీద కూర్చుని, తన కడుపు మండుతూనే ఉన్నా, వాడి కడుపు నిండేదాకా కళ్ళు తిప్పకుండా చూసింది.